ఇంగ్లిష్‌లో సరిగ్గా భయపడటం ఎలా?

బెంగళూరు మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఇంటర్వ్యూ కోచింగ్‌కు వెళ్లే తెలుగు పిల్లల బ్యాగుల్లో ఒక జెరాక్స్ కాగితం కనిపిస్తుంటుంది. పైన 'ఫియర్' అని శీర్షిక. కింద వరసగా అఫ్రెయిడ్, స్కేర్డ్, నర్వస్, యాంక్షస్, టిమిడ్, షై, టెరిఫైడ్ అంటూ ఓ పాతిక మాటలు. ఎదురుగా తెలుగులో దాదాపు అన్నిటికీ ఒకటే అర్థం: భయపడిన. కాస్త ఓపిక ఉన్నవాళ్లయితే చివరి నాలుగైదింటికి 'బాగా భయపడిన' అని రాసుంటారు. ఆ కాగితం బట్టీపట్టిన కుర్రాడు ఆఫీసులో "ఐయామ్ టిమిడ్ అబౌట్ ది డెడ్‌లైన్" అంటాడు. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. కానీ ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లెవరూ అలా అనరు.

ఈ మాటల మధ్య తేడా 'ఎంత భయం' అనే కొలతలో ఉందనుకోవడమే అసలు చిక్కు. కొలత తేడా కొన్నిటిలో ఉంది, నిజమే. ఎక్కువ మాటల్ని విడదీసేది మాత్రం వేరే మూడు ప్రశ్నలు. ఆ భయం మనిషి స్వభావమా, ఆ పూటకి వచ్చి పోయేదా? కారణం ఇప్పుడు కళ్లెదుట ఉందా, రేపో ఎల్లుండో రాబోతోందా? ఆ మాట వాడుతున్నవాడు జాలిపడుతున్నాడా, తప్పు పడుతున్నాడా? పై వాక్యమే చూడండి. టిమిడ్ అనేది స్వభావం. డెడ్‌లైన్ శుక్రవారంతో పోతుంది. స్వభావం శుక్రవారంతో పోదు కాబట్టి ఆ రెండూ ఒక వాక్యంలో ఇమడలేదు. అక్కడ కావాల్సింది వర్రీడ్, లేదంటే నర్వస్.

తెలుగులో ఈ తేడాలు మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. ఊరు వదిలి వచ్చిన పిల్లకు అమ్మ మీద బెంగ ఉంటుంది, హడలు ఉండదు. ఫలితాల ముందు రోజు గుబులుగా ఉంటుంది, బిడియంగా ఉండదు. కొత్త మనుషుల దగ్గర పసిపిల్లాడు బెరుకుగా ఉంటాడు, గాభరాగా ఉండడు. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి వీటన్నిటినీ ముందు 'భయం' అనే ఒక్క మాటలోకి కుదించి, ఆ తర్వాత అనువదిస్తాం. ఆ మధ్య మజిలీ లేకపోతే చాలా తప్పులు పుట్టవు.

అఫ్రెయిడ్, స్కేర్డ్, ఫ్రైటెన్డ్

రోజూ వాడే ఈ మూడింటికీ అర్థంలో తేడా చాలా తక్కువ. స్కేర్డ్ నోటి మాటల్లో ఎక్కువ. అఫ్రెయిడ్ మాటలోనూ రాతలోనూ ఒదుగుతుంది. ఫ్రైటెన్డ్‌కు కాస్త బ్రిటిష్ వాసన. మనవాళ్లు తప్పు చేసేది అర్థంలో కాదు, ఆ మాటను పెట్టే చోటులో.

అఫ్రెయిడ్ నామవాచకానికి ముందు నిలబడదు. "ది చైల్డ్ ఈజ్ అఫ్రెయిడ్" బాగుంది. "యాన్ అఫ్రెయిడ్ చైల్డ్" కుదరదు, "ఎ ఫ్రైటెన్డ్ చైల్డ్" అనాల్సిందే. అస్లీప్, అలైవ్, అవేక్, అలోన్ ఇవన్నీ ఇదే బాపతు. నిద్రపోతున్న పిల్లాణ్ణి "యాన్ అస్లీప్ బాయ్" అనం కదా, అదే కొలమానం ఇక్కడా పనికొస్తుంది.

తర్వాతిది విభక్తి గొడవ. తెలుగులో కుక్కకు భయం, కుక్కంటే భయం, కుక్కను చూసి భయం, ఎలా అన్నా చెల్లుతుంది. ఇంగ్లిష్‌లో మూడు మాటలకూ 'ఆఫ్' వస్తుంది. "అఫ్రెయిడ్ ఫ్రమ్ డాగ్స్", "అఫ్రెయిడ్ విత్ డాగ్స్" రెండూ తప్పే. స్కేర్డ్, ఫ్రైటెన్డ్ మాత్రం 'బై'తో కూడా కలుస్తాయి, అప్పుడు అర్థం మారుతుంది. రాత్రి షిఫ్టు దిగి సందులో నడుస్తుంటే వీధికుక్క ఒక్కసారిగా మీదికొచ్చింది, అది "ఫ్రైటెన్డ్ బై ఎ డాగ్". జరిగిపోయిన ఒక ఘటన. ఆ రోజు నుంచీ ఆ సందు మానేసి మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి వస్తున్నాడు, అది "ఫ్రైటెన్డ్ ఆఫ్ డాగ్స్". స్థిరపడిపోయిన భయం.

'ఆఫ్' బదులు 'ఫర్' పెడితే కథే మారిపోతుంది. "ఐయామ్ అఫ్రెయిడ్ ఆఫ్ మై సన్" అంటే కొడుకు కొడతాడేమో, తిడతాడేమో అని భయం. "ఐయామ్ అఫ్రెయిడ్ ఫర్ మై సన్" అంటే కొడుక్కి ఏమవుతుందో అని భయం. 'అబ్బాయి గురించి భయంగా ఉంది' అనే తెలుగు వాక్యానికి రెండోదే సరైనది. హెచ్‌ఆర్‌కు సెలవు కోసం రాసే మెయిల్‌లో మొదటిది పడితే, చదివినవాళ్లు సెలవిచ్చే ముందు ఇంకేదో ఆలోచిస్తారు.

క్రియ చేరినప్పుడు ఇంకో తేడా ఉంది. "అఫ్రెయిడ్ టు" తర్వాత మనం చేయడానికి వెనకాడే పని వస్తుంది. "అఫ్రెయిడ్ ఆఫ్" తర్వాత మన ప్రమేయం లేకుండా జరుగుతుందని భయపడే పని వస్తుంది. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర రోడ్డు దాటడానికి జంకితే "అఫ్రెయిడ్ టు క్రాస్". దాటుతుంటే బండి గుద్దుతుందేమో అని భయమైతే "అఫ్రెయిడ్ ఆఫ్ గెటింగ్ హిట్". "అఫ్రెయిడ్ టు గెట్ హిట్" అంటే గుద్దించుకోవడానికి ధైర్యం చాలడం లేదన్నట్టు వినిపిస్తుంది.

ఇక భయం లేని అఫ్రెయిడ్ ఒకటుంది. లండన్ క్లయింటు "ఐయామ్ అఫ్రెయిడ్ ది బడ్జెట్ హ్యాజ్ బీన్ కట్" అని రాస్తే ఆయన దేనికీ భయపడటం లేదు. చేదు వార్తను మెత్తగా చెబుతున్నాడు. మనం 'ఏమనుకోకండి', 'చెప్పడానికి బాధగా ఉంది' అని మొదలుపెట్టినట్టే. వెనక 'దట్' ఉన్నా లేకపోయినా అర్థం అదే. "విల్ ది రిలీజ్ స్లిప్?" (విడుదల ఆలస్యమవుతుందా?) అని అడిగితే "ఐయామ్ అఫ్రెయిడ్ సో" అంటే 'అవునండీ, తప్పేలా లేదు'. ఏదైనా చేసిపెట్టగలరా అని అడిగినప్పుడు "ఐయామ్ అఫ్రెయిడ్ నాట్" అంటే 'కుదరదు'. కొత్తగా చేరినవాళ్లు ఈ రెండో జవాబును 'నాకు భయం లేదు' అని అర్థం చేసుకుని, కుదిరిందనుకుని ముందుకు వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ స్కేర్డ్, ఫ్రైటెన్డ్ చెల్లవు. "ఐయామ్ స్కేర్డ్ ది బడ్జెట్ హ్యాజ్ బీన్ కట్" అంటే నిజంగానే వణుకుతున్నట్టు.

స్కేర్డ్, స్కేరీ తారుమారైతే నవ్వులపాలే. భయపడేవాడు స్కేర్డ్, భయపెట్టేది స్కేరీ. "ఐయామ్ వెరీ స్కేరీ" అంటే 'నన్ను చూస్తే జడుసుకుంటారు' అని. ఫ్రైటెన్డ్, ఫ్రైటెనింగ్ జతకూ ఇదే లెక్క. ఫియర్‌ఫుల్, ఫియర్‌సమ్ కూడా ఇంతే: మొదటిది ఎక్కువగా భయంతో ఉన్నవాడికి, రెండోది భయం పుట్టించేదానికి. డ్రెడ్‌ఫుల్ మాత్రం ఈ వరసలోంచి తప్పుకుంది. దానికిప్పుడు 'చాలా చెత్తగా ఉన్న' అనే అర్థమే మిగిలింది. "డ్రెడ్‌ఫుల్ కాఫీ" తాగితే ఎవరికీ భయం వేయదు. టెర్రిఫిక్ ఇంకా దూరం పోయింది. ఒకప్పుడు భయంకరం, ఇప్పుడు అద్భుతం. దాని తోబుట్టువు టెరిబుల్ మాత్రం చెడ్డ వైపే ఉండిపోయింది.

ఫియర్‌ను క్రియగా వాడేటప్పుడు "ఐయామ్ ఫియరింగ్" మన దేశంలో తరచూ వినబడేదే గానీ ప్రామాణికం కాదు. తెలుగులో 'భయపడుతున్నాను' అనేది సహజం కాబట్టి చేతికి అదే వస్తుంది. "ఐ ఫియర్" సరైనదే, కాకపోతే పత్రికల భాష, మాటల్లో బరువు. "ఐ హ్యావ్ ఫియర్", "ఐ గాట్ ఫియర్" రెండూ 'నాకు భయం వేసింది' నుంచి వచ్చిన పదానుసారాలు. "ఐ వాజ్ స్కేర్డ్" అంటే సరిపోతుంది.

పెద్ద భయాలు: ఒళ్లు చెప్పే తేడా

తీవ్రమైన భయాల దగ్గర మన తెలుగు బాగా సాయపడుతుంది, ఎందుకంటే మనం భయాన్ని ఒంటి మీద చూసి చెబుతాం. ఉలిక్కిపడితే స్టార్టిల్డ్. అది క్షణం మాట, వెనక ఉన్న మనిషిని గుర్తుపట్టగానే పోతుంది. నిలువునా కొయ్యబారిపోతే పెట్రిఫైడ్. దాని మూలంలో గ్రీకు భాషలోని రాయి ఉంది, కదలిక ఆగిపోవడమే అందులో ముఖ్యం. కాబట్టి "హి వాజ్ పెట్రిఫైడ్ అండ్ రాన్ అవే" వింటే ఏదో తేడా కొడుతుంది. పరుగెత్తినవాడు టెరిఫైడ్. ఒళ్లు గగుర్పొడిస్తే హారిఫైడ్. ఇదీ లాటిన్‌లో వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నుంచే వచ్చింది.

హారిఫైడ్, టెరిఫైడ్ ఒకటి కావు. టెరిఫైడ్ తన ప్రాణం గురించి. హారిఫైడ్ చూసినదాని గురించి, అందులో దిగ్భ్రాంతీ అసహ్యమూ కలిసి ఉంటాయి. హోసూరు రోడ్డులో లారీ వెంట్రుకవాసిలో తప్పిపోయినవాడు టెరిఫైడ్. అవతలి ఫుట్‌పాత్ మీది నుంచి ప్రమాదం చూసినవాడు హారిఫైడ్. బిల్లు చూసి కూడా హారిఫైడ్ కావచ్చు, అక్కడ ప్రాణభయమేమీ లేదు.

కాళ్లూ చేతులూ ఆడకపోతే ప్యానిక్. అడవుల్లో, ఏకాంతంలో ఉన్నట్టుండి భయం పుట్టిస్తాడని గ్రీకులు నమ్మిన పాన్ అనే దేవుడి పేరు మీద పుట్టిన మాట. భయం ఎంత అన్నదానికన్నా ఆలోచన తప్పిపోవడం ఇందులో అసలు సంగతి. అందుకే సర్వర్ పడిపోయినప్పుడు "డోంట్ ప్యానిక్" అంటారు, "డోంట్ బి టెరిఫైడ్" అనరు. స్పెల్లింగ్‌లో ఒక చిన్న గొయ్యి ఉంది: ప్యానిక్ చివర 'సి' అక్షరమే, ప్యానిక్డ్, ప్యానికింగ్, ప్యానికీ అన్నప్పుడు మాత్రం 'సి' తర్వాత 'కె' చేరుతుంది.

వీటి ముందు 'వెరీ' అతకదు. టెరిఫైడ్, పెట్రిఫైడ్, హారిఫైడ్ అంటేనే పైమెట్టు, దాని మీద ఇంకో మెట్టు ఉండదు. "యాబ్సల్యూట్లీ టెరిఫైడ్" అంటారు. తిరగేసి "యాబ్సల్యూట్లీ నర్వస్" అనరు, అక్కడ "వెరీ నర్వస్", "ఎ బిట్ నర్వస్" సరైనవి.

రాబోయేదాని గురించి

తెలుగువాళ్లు ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఈ గుంపు మొత్తాన్నీ 'టెన్షన్' ఒక్కటే మోస్తోంది. పరీక్షకు టెన్షన్, అద్దెకు టెన్షన్, ఆన్‌సైట్ వీసాకు టెన్షన్. తెలుగులో ఆ మాటకు ఇప్పుడు పూర్తి పౌరసత్వం వచ్చేసింది, దానితో పేచీ లేదు. అమెరికా టీముతో కాల్‌లో "ఐ వాజ్ టెన్స్డ్", "డోంట్ టేక్ టెన్షన్" అంటేనే అవతలివాళ్లు తడుముకుంటారు. టెన్స్ అనేదే విశేషణం. టెన్స్డ్ ఎక్కువగా కండరం బిగుసుకోవడానికి. మనుషుల మధ్య టెన్షన్ అంటే వాళ్లిద్దరికీ పడటం లేదని. కాబట్టి "దేర్ ఈజ్ టెన్షన్ ఇన్ ది టీమ్" అని రాస్తే, పని ఒత్తిడి ఎక్కువగా ఉందని మీరు చెప్పబోతే, మేనేజర్‌కు టీములో తగాదాలున్నాయని చేరుతుంది.

నర్వస్ దగ్గర్లో ఉన్న ఒక పనికి సంబంధించింది: ఇంటర్వ్యూ, డెమో, డ్రైవింగ్ టెస్టు. బాగా చేస్తానో లేదో అన్న కంగారు. పని అయిపోగానే పోతుంది. మన గోడల మీది ప్రకటనల్లో 'నర్వస్ వీక్‌నెస్' కనబడటం వల్ల కాబోలు, కొందరు ఈ మాటను జబ్బు మాటగా చూసి దూరం పెడతారు. అక్కర్లేదు. ఇంటర్వ్యూ మొదట్లో "ఐయామ్ ఎ లిటిల్ నర్వస్" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. అదే చోట "ఐయామ్ అఫ్రెయిడ్", "ఐయామ్ స్కేర్డ్" అంటే అడిగేవాళ్లే ఇబ్బంది పడతారు.

వర్రీడ్‌కు పని అక్కర్లేదు, ఆలోచన చాలు. పాత ఇంగ్లిష్‌లో గొంతు నులమడం అనే క్రియ నుంచి వచ్చింది. యాంక్షస్‌కూ లాటిన్‌లో నొక్కడం, నులమడమే మూలం. వర్రీడ్ కన్నా యాంక్షస్ లోతు, ఎక్కువసేపు ఉండేది, కారణం అంత స్పష్టంగా ఉండనక్కర్లేదు. 'దిగులు' యాంక్షస్‌కు చాలా దగ్గర. ఉచ్చారణలో జాగ్రత్త: యాంక్షస్ అనేటప్పుడు 'క్ష', యాంగ్జయటీ అనేటప్పుడు 'గ్జ'. రెండిటికీ ఒకే స్పెల్లింగ్ మూలమైనా నోట్లో రెండు రకాలు.

యాంక్షస్ తర్వాత వచ్చే మాట కూడా చూసుకోవాలి. "యాంక్షస్ అబౌట్ ది మీటింగ్" అంటే ఆందోళన. "యాంక్షస్ టు మీట్ యు" అంటే కలవాలని ఆత్రుత. క్లయింటు రెండోది రాస్తే ఆయన భయపడటం లేదు, తొందరపడుతున్నాడు.

డ్రెడ్ అంటే తప్పించుకోలేని దాని కోసం ముందు నుంచే పడే బాధ. ఆదివారం సాయంత్రానికే మొదలయ్యే సోమవారం భయం డ్రెడ్. తర్వాత 'ఇంగ్' రూపం వస్తుంది: "ఐ డ్రెడ్ గోయింగ్". "ఐ డ్రెడ్ టు థింక్" అనే వాడుక ఒకటి స్థిరపడింది, తలచుకుంటేనే భయం అనడానికి.

ఆఫీసు రాతలో వీటన్నిటికన్నా పనికొచ్చేవి అప్రిహెన్సివ్, కన్‌సర్న్డ్, వేరీ. డేటాబేస్ మారుస్తామంటే భయంగా ఉందని రాయాలనుకోండి. "ఐయామ్ అఫ్రెయిడ్ ఆఫ్ ది మైగ్రేషన్" అంటే మీ ధైర్యం గురించి చర్చ మొదలవుతుంది. "ఐయామ్ కన్‌సర్న్డ్ అబౌట్ ది మైగ్రేషన్" అంటే మైగ్రేషన్ గురించి చర్చ మొదలవుతుంది. అప్రిహెన్సివ్‌లో ఏదో చెడు జరుగుతుందన్న అనుమానం కాస్త ఎక్కువ. వేరీ ఒకసారి చేయి కాలినవాడి జాగ్రత్త, వెనక 'ఆఫ్' వస్తుంది. ఏది రాసినా తర్వాతి వాక్యంలో కారణం చెప్పాలి: బ్యాకప్ పరీక్షించలేదనో, వెనక్కి వెళ్లే దారి లేదనో. కారణం లేని కన్‌సర్న్‌ను రెండోసారి ఎవరూ పట్టించుకోరు.

బెరుకు, బిడియం, జంకు

అసలు చిక్కుముడి ఇక్కడుంది. షై, టిమిడ్, డిఫిడెంట్ మూడూ స్వభావాలే. తెలుగులో మూడింటికీ 'భయస్తుడు' అనేస్తాం.

అనంతపురం నుంచో కడప నుంచో వచ్చిన ఒక ఫ్రెషర్‌ను వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూ గదిలో కూర్చోబెట్టండి. జవాబు తెలిసీ, తప్పేమో అనిపించి ఆగిపోతే అతను డిఫిడెంట్. తన తెలివి మీద తనకు నమ్మకం లేదు. నమ్మకం బాగానే ఉంది, కానీ ఎదురుగా నలుగురు కొత్త మొహాల్ని చూసి నోరు పెగలకపోతే షై. మనుషులతోనే ఇబ్బంది, ఒంటరిగా రాయమంటే చకచకా రాసిస్తాడు. అన్నీ దాటి జీతం ఎంత కావాలని అడిగినప్పుడు, అడిగితే ఉద్యోగం పోతుందేమోనని "మీ ఇష్టం సార్" అంటే టిమిడ్. రిస్కు ఉన్న ప్రతిచోటా తగ్గిపోయే గుణం అది. మూడూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఒకటే ఉండొచ్చు. విరుగుడు కూడా వేరు: డిఫిడెంట్‌కు సాధన, షైకు పరిచయం. టిమిడ్‌కు రెండూ చాలవు.

డిఫిడెంట్‌ను ఇండిఫరెంట్‌తో కలిపేసేవాళ్లు చాలామంది. ఇండిఫరెంట్ అంటే పట్టనివాడు. 'అతను కాస్త డిఫిడెంట్' అని లీడ్ రాస్తే, చదివిన ఇంకొకరు 'పని మీద శ్రద్ధ లేదన్నమాట' అనుకోవడం అసాధ్యమేమీ కాదు. అనుమానం ఉంటే "లాక్స్ కాన్ఫిడెన్స్" అని సాదాగా రాయడమే మేలు. ఇలాంటిదే ఇంకో జత: టిమిడిటీ పిరికితనం, టెమెరిటీ తెగింపు. చూడటానికి అక్కచెల్లెళ్లు, అర్థంలో సవతులు.

అప్రైజల్ ఫారంలో 'మెరుగుపరచుకోవాల్సినవి' అనే గడి కింద "ఐయామ్ షై" అని రాయడం అలవాటైపోయింది. షై స్వభావం కాబట్టి చదివేవాళ్లకు 'ఇతనింతే' అని అర్థమవుతుంది. "ఐయామ్ నాట్ యెట్ కాన్ఫిడెంట్ ప్రెజెంటింగ్ టు క్లయింట్స్" అంటే ఏ పని, ఎవరి ముందు అనేవి తేలతాయి. 'యెట్' అనే చిన్న మాట అది మారుతుందని కూడా చెబుతుంది. జూనియర్ గురించి రాసే లీడ్‌కు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. "హి ఈజ్ టిమిడ్" మనిషి మీద తీర్పు, ఏళ్ల తరబడి ఫైల్లో ఉంటుంది. "హి హెజిటేట్స్ టు రైజ్ బ్లాకర్స్ ఇన్ స్టాండప్" (టీము రోజువారీ మీటింగులో పనికి అడ్డంకులు చెప్పడానికి వెనకాడుతున్నాడు) అన్నది చూసిన విషయం, సరిదిద్దుకోదగ్గది. హెజిటెంట్ అంటే ఒక పని దగ్గర ఆగడం, రిలక్టెంట్ అంటే అసలు ఇష్టం లేకపోవడం. చేయగలిగీ సంకోచిస్తున్నవాణ్ణి రిలక్టెంట్ అంటే అతనికి అన్యాయం చేసినట్టే. రెటిసెంట్‌ను కూడా చాలామంది రిలక్టెంట్ అర్థంలో వాడుతున్నారు. అది నోరు విప్పనివాడికి మాత్రమే.

రిజర్వ్‌డ్‌లో భయం లేదు. మాట్లాడగలడు, మాట్లాడకూడదనుకున్నాడు. ఇంట్రావర్ట్ కూడా భయం మాట కాదు, జనంలో అలసిపోయి ఏకాంతంలో తేరుకునే తీరు. వేదికెక్కి గంటసేపు గడగడా మాట్లాడే ఇంట్రావర్ట్‌లు ఉంటారు. కోయ్‌ను మాత్రం ఆఫీసులో మనుషులకు వాడకండి, ముఖ్యంగా ఆడవాళ్లకు. అది లేని సిగ్గును వలపుకోసం నటించడం. "ది కంపెనీ ఈజ్ కోయ్ అబౌట్ లేఆఫ్స్" అంటే ఫరవాలేదు, వివరాలు చెప్పకుండా నాన్చుతోందని.

సిగ్గును మూడు ముక్కలు చేయాలి. పెళ్లిచూపుల్లో తలదించుకున్నది షై, చిన్నపిల్లలైతే బ్యాష్‌ఫుల్. ఆఫీసు మెట్ల మీద అందరి ముందూ జారిపడితే ఎంబరాస్డ్. తప్పు చేసి మనసులో కుంగిపోతే అషేమ్డ్. జారిపడినందుకు అషేమ్డ్ అంటే విన్నవాళ్లు మీరేదో నేరం చేశారనుకుంటారు. షీపిష్ మరొకటి. గొర్రెలా సాధువు అని కాదు, చిన్న తప్పులో దొరికిపోయి వెర్రి నవ్వు నవ్వడం. స్టాండప్ సగం అయ్యాక కెమెరా ఆన్ చేసేవాడి మొహం అది.

మొహమాటానికి ఒక్క మాట వెతకడం దండగ. 'మొహమాటపడకుండా తినండి' అనడానికి "డోంట్ ఫీల్ షై, ఈట్" అంటాం, ఇంగ్లిష్ ఇళ్లలో "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అంటారు. పీజీ ఓనరును అడ్వాన్సు తిరిగి అడగలేకపోతున్నారనుకోండి, అది షై కాదు, టిమిడ్ అంతకన్నా కాదు. "ఐ ఫీల్ ఆక్వర్డ్ ఆస్కింగ్" అనాలి. సాయం తీసుకోవడానికి మొహమాటమైతే "ఐ డోంట్ వాంట్ టు ఇంపోజ్". సందర్భాన్ని బట్టి వాక్యం మారుతుంది, అంతే.

తప్పు పట్టే మాటలు

కౌవర్డ్ దగ్గరికి వచ్చేసరికి భయం కన్నా బాధ్యత ముఖ్యం. ప్రతి భయస్తుడూ కౌవర్డ్ కాడు. నిలబడాల్సిన చోట నిలబడకుండా పోయినవాడు కౌవర్డ్. పాత ఫ్రెంచిలో తోక అనే మాట నుంచి ఇది పుట్టింది, తోక ముడవడం మనకూ తెలిసిందే. కౌవర్డ్ నామవాచకం, కౌవర్డ్లీ విశేషణం. చివర 'లీ' ఉంది కదా అని క్రియావిశేషణం అనుకోకూడదు, ఫ్రెండ్లీ లాంటిదే. "హి బిహేవ్డ్ కౌవర్డ్లీ" కాదు, "ఇన్ ఎ కౌవర్డ్లీ వే". బెదిరించి లొంగదీయడం అనే అర్థమున్న 'కౌడ్'కు దీనితో చుట్టరికం లేదు, ఆవుతోనూ లేదు.

ఒకే ప్రవర్తనకు చూసేవాడి దృష్టిని బట్టి పేరు మారుతుంది. డబ్బంతా ఫిక్స్‌డ్ డిపాజిట్లలో పెట్టినవాణ్ణి మెచ్చుకునేవాడు ప్రూడెంట్ అంటాడు. తటస్థుడు కాషస్ అంటాడు, లేదా ఆర్థికశాస్త్రం చదివుంటే రిస్క్ అవర్స్. చిరాకుపడేవాడు టిమిడ్ అంటాడు. టిమిడ్ పనులకు కూడా వస్తుంది: తెగువ లేని బడ్జెట్‌ను పత్రికలు టిమిడ్ బడ్జెట్ అంటాయి.

మాటల్లో వాడేవాటిలో చికెన్ అవుట్, కోల్డ్ ఫీట్ రెండూ వెనకడుగే, సమయం వేరు. బిడది దగ్గర వండర్‌లాలో రైడ్ క్యూలో చివరిదాకా నిలబడి పక్కకు తప్పుకుంటే చికెన్ అవుట్. రాజీనామా ఇచ్చి, కొత్త ఆఫర్ చేతిలో పెట్టుకుని, నోటీసు పీరియడ్ చివర్లో గుండె జారితే కోల్డ్ ఫీట్. మొదటిది వెటకారం, రెండోదాంట్లో కాస్త సానుభూతి ఉంది. స్పైన్‌లెస్ తిట్టు. క్లయింటు ముందు తలూపి శనివారం పని టీము నెత్తిన రుద్దే మేనేజర్‌ను చాటుగా అనేది అదే. దాన్ని చాట్‌లో రాయకండి. క్రేవెన్, టిమరస్, ప్యూసిలానిమస్ పోటీ పరీక్షల సామాన్లు. చదివినప్పుడు తెలిస్తే చాలు, మాట్లాడటానికి అక్కర్లేదు.

వైద్యం మాటలు

ప్యానిక్ అటాక్, ఫోబియా, యాంగ్జయటీ డిసార్డర్ ఇప్పుడు మాటల్లోకి జారిపోయాయి. 'మేనేజర్ కాల్ చేస్తే నాకు ప్యానిక్ అటాక్' అని నవ్వుతూ అనేస్తున్నారు. వైద్యులకు వీటికి హద్దులున్నాయి. 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ మానసిక రుగ్మతల మాన్యువల్ ఐదో కూర్పు ప్రకారం, ప్యానిక్ అటాక్ అంటే నిమిషాల్లోనే శిఖరానికి చేరే తీవ్ర భయం. గుండెదడ, చెమట, వణుకు, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానేమో అన్న భయం లాంటి 13 లక్షణాల్లో కనీసం 4 ఉండాలి. ఫోబియాకు సాధారణంగా 6 నెలలో అంతకన్నా ఎక్కువో కొనసాగాలన్న నియమం ఉంది, అది రోజువారీ జీవితానికి అడ్డుపడాలి లేదా గట్టిగా బాధపెట్టాలి. బొద్దింకను చూసి కుర్చీ ఎక్కడం ఫోబియా కాదు. బొద్దింక ఉంటుందేమోనని నెలల తరబడి వంటింట్లో అడుగే పెట్టకపోతే ఆలోచించాలి.

ఫోబియా చేరిన ప్రతి మాటా భయం జబ్బు కాదు. జీనోఫోబియా పరాయివాళ్ల పట్ల ద్వేషం, దానికి మందులేవీ రాయరు. హైడ్రోఫోబియా అంటే నీళ్లంటే భయం అని తర్జుమా చేస్తారు గానీ, వైద్యంలో అది రేబిస్ లక్షణం: నీళ్లు మింగబోతే గొంతు కండరాలు పట్టేయడం. ఈత కొలను దగ్గర జంకేవాడికి ఉన్నది ఆక్వాఫోబియా. హైపర్‌టెన్షన్ ఎక్కువ టెన్షన్ కాదు, అధిక రక్తపోటు. ఏ ఆందోళనా లేనివాళ్లకూ వస్తుంది.

డాక్టరు దగ్గర "టెన్షన్‌గా ఉంది", "ఐ హ్యావ్ ఫియర్" అనేవి ఆయనకు పెద్దగా ఉపయోగపడవు. గుండె దడ అయితే ప్యాల్పిటేషన్స్. రోజులో ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏం చేస్తుండగా, నిద్రలో లేపుతోందా అనేవి చెప్పాలి. ఛాతీలో నొప్పి కూడా ఉంటే అది ప్యానిక్ అని మనంతట మనమే తీర్మానించుకోకుండా ముందు గుండె సంగతి చూపించుకోవాలి, రెండిటి లక్షణాలూ బాగా కలుస్తాయి. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక, నరాల వైద్య సంస్థ రాయలసీమ జిల్లాల వాళ్లకు పాత పరిచయమే. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు జాతీయ స్థాయిలో ముఖ్య కేంద్రం కూడా అదే. 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు కాబట్టి, దడో గుబులో దిగులో ఉన్నది ఉన్నట్టే చెప్పుకోవచ్చు.